పిల్ల దిక్కోళ్లు

మా ఊరి గుట్ట మీది నరసింహస్వామికి ఏటా ఫాల్గుణంలో పెళ్లవుతుంది. ఆ పెళ్లిలో మేము ఆడపిల్లవాళ్లం. ఈ సంగతి చెప్పగానే మా ఆయన అశోక్‌కుమార్ తింటున్న దోసె వదిలేసి, "గట్లయితే నేను నర్సింహస్వామికి తోడల్లుణ్ని గద!" అన్నాడు. లెక్క ప్రకారం అంతే మరి. ఆ రోజంతా బండి తాళాలు వేలికి తిప్పుకుంటూ తోడల్లుడి హోదాలోనే తిరిగాడు. మా పెళ్లయి ఇంకా రెండు నెలలు నిండలేదు. ఆయన దోసె వదిలేసినా, తాళాలు తిప్పినా నాకు ముచ్చటగానే ఉంటోంది. "ఈ యేడు జాతరకు పోదాం, మా తోడల్లుణ్ని చూసొద్దాం" అంటే నవ్వుతూ సరేనన్నాను. అన్న తరువాత పొయ్యి దగ్గరికి వెళ్లి, ఇంకో దోసె పోసి, అది మాడే దాకా అలాగే నిలబడిపోయాను. నేను ఏడో తరగతి చదివిన ఏడాది జాతర సంగతి ఆయనకు చెప్పలేదు.

మా ఊరు రామన్నపేటకు దగ్గర. ఊళ్లో మా సాలెవాడ ఒకటే వీధి, అటూ ఇటూ ఇళ్లు, ఇంటికో మగ్గం గుంత. గుట్ట మీది లక్ష్మమ్మ మా వాడ ఆడబిడ్డ. మావాళ్లకు అది నమ్మకం కాదు, చుట్టరికం. అవ్వ ఆమెను "మా పెద్దపిల్ల" అనేది. నేనైతే బడికి పోయేదాకా ఆమె నిజంగానే మా అక్కనీ, అత్తగారింట్లో తీరిక లేక తరచూ కిందికి దిగదనీ అనుకునేదాన్ని.

పెళ్లికి ముందు రోజు సాయంత్రం మెట్ల నడుమనున్న మండపంలో ఎదుర్కోలు జరిగేది. పైనుంచి స్వామి పల్లకితో పిలగాని దిక్కోళ్లు దిగేవారు. కిందినుంచి అమ్మవారి పల్లకితో మేము ఎక్కేవాళ్లం. రెండు పల్లకీలూ ఎదురెదురుగా దించాక మాటల పోటీ మొదలు. పిలగాని తరఫున మాట్లాడేది బత్తాయి తోటల బుచ్చయ్య పటేలు. పిల్ల తరఫున మా నాయిన రాజం. నాయిన మామూలప్పుడు నెమ్మది మనిషి. మైకు చేతికొస్తే మాత్రం ఎవరికీ అందేవాడు కాదు. ఆయన మాటలు వినడానికే చిట్యాల నుంచి కూడా జనం వచ్చేవారు.

"పిలగానికి సొంతిల్లు ఉన్నదా? బండసందుల ఉంటుండని విన్నం."

"లోకమంత ఆయనదే రాజం. ఇల్లెందుకు?"

"గదే మా ఫికరు. లోకమంత ఆయనదైతే ఇంటికి ఏ యాల్లకు వస్తడో ఎవలికెరుక?"

జనం ఘొల్లుమనేవారు. నేను నాయిన పక్కనే హారతి పళ్లెం పట్టుకొని నిలబడి, ఆ నవ్వులన్నీ నాకే వస్తున్నట్టు పొంగిపోయేదాన్ని.

ఎదుర్కోలుకు ఒక కట్టుబాటు ఉంది. ఆఖరున పిల్ల దిక్కోళ్లు ఒక ప్రశ్న అడిగి, దాంతో పాటు ఒక షరతు పెట్టవచ్చు. పిలగాని దిక్కోళ్లకు జవాబు తోచకపోతే ఆ షరతు ఒప్పుకోవాలి. దేవుళ్లిద్దరి ముందు ఒప్పుకున్నది కాబట్టి ఎవరూ మాట తప్పరు. మా తాతల నాడు ఎవరో అలా పెట్టిన షరతు వల్లే పెళ్లైన మూడో రోజు అమ్మవారు ఒక్కతే మా వాడకు వచ్చేది. సాయంత్రం వచ్చి, ఆ రాత్రి మా అరుగు మీద ఉండి, తెల్లారి, పుట్టింటివాళ్లు ఆడబిడ్డ ఒడిలో పోసే ఒడిబియ్యం పోయించుకొని గుట్టకు వెళ్లేది. ఆమె వస్తుందని మా వాడ ఆడబిడ్డలందరూ అత్తగారిళ్ల నుంచి వచ్చేవారు. మా మేనత్త సోమమ్మ హాలియా నుంచి వచ్చేది. ఏడాదిలో ఆమెను పంపేది ఆ ఒక్కసారే.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు, నేను ఏడో తరగతిలో ఉన్నాను. గుడి కమిటీకి బుచ్చయ్య పటేలే అధ్యక్షుడయ్యాడు. మోదుగులు ఇంకా పూర్తిగా పూయకముందే ఒకనాడు మైకు కట్టిన ఆటో మా వాడలోకి వచ్చి చెప్పింది: స్వామికి కొత్త రథం వచ్చిందట, రంగు రంగుల దీపాలతో, ట్రాక్టరుకు తగిలించి లాగేదట. అది మా ఇరుకు వాడలో పట్టదట. తాతలనాటి షరతు పల్లకికే గాని రథానికి కాదట. అందుకని ఈ ఏడు నుంచి అమ్మవారు పెద్దరోడ్డు మీదుగా ఊరేగి, అదే సాయంత్రం గుట్టకు చేరుతుందట. భక్తులు గమనించాలట.

ఆటో వెనక్కి తిరగడానికి చోటు లేక, మైకులో పాట మోగుతుండగానే రివర్సులో వెళ్లింది. మామూలుగా అయితే నేను దానికి పడి పడి నవ్వేదాన్ని. కానీ మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. పొద్దున పూట మా వాడ అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

"బిడ్డ పుట్టింటికి రావొద్దని చెప్పనీకె ఎవల్రా వీళ్లు?" అని అవ్వ గోవిందమ్మ చేట పట్టుకొనే బయటికొచ్చింది. "రథం పట్టకుంటె పల్లకిల రానియ్యి. పల్లకి పట్టకుంటె సంకనెత్తుకొస్త నేను!"

సాయంత్రం వాడ మగవాళ్లంతా మా అరుగు మీద చేరారు. నాయిన అందరి మాటా విని చివరికి అన్నాడు: "లొల్లి వద్దు. ఎదుర్కోలుల అడుగుత. జవాబు రాని ప్రశ్న అడిగి షరతు పెడ్త. గప్పుడు ఎట్ల కాదంటరో చూస్త."

అందరూ తేలికపడి లేచారు. రాజం అడుగుతానన్నాడంటే అయిపోయినట్టే.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రిహార్సలు. నాయిన గుంతలో కాళ్లు పెట్టి నేస్తుంటే, నేను ఎదురుగా రాట్నం దగ్గర కండెలు చుడుతూ బుచ్చయ్య పటేలు వేషం వేసేదాన్ని. నెత్తికి తువ్వాల, లంగాలో దిండు. మగ్గంలో దారం మోసే నాడె అటు పోతే ప్రశ్న, ఇటు వస్తే జవాబు.

"పిలగాడు గోర్లు తీసుకుంటడా పటేలా?"

నేను గొంతు లావు చేసి, "అవి గోర్లు గావు రాజం, ఆయుధాలు."

"ఆయుధాలు పెట్టుకొని ఇంట్ల తిరుగుతడా? మా పిల్లకు గీసుకుంటే?"

"మంగలిని... మంగలిని పిలుస్తం."

"మంగలి దగ్గరికి పోనీకె జడుస్తుండట గద!"

నాకు జవాబు రాక దిండు జారిపోయేది. నాయిన నవ్వితే దారం తెగేది. వంటింట్లోంచి అమ్మ ఆండాళు, "నాయినా బిడ్డా కలిసి చీరె నేస్తుండ్రా, నాటకం ఆడుతుండ్రా?" అనేది. అమ్మకు అప్పటికే మోకాళ్లు సహకరించడం లేదు. గుంతలోకి దిగాలంటే గోడ పట్టుకునేది. ఆ పండుగ ముందటి రోజుల్లో మాత్రం ఆమె కూడా నవ్వేది.

గోర్ల ప్రశ్న బాగుంది గాని దానికి జవాబు ఉంది. బండసందుల ప్రశ్నకూ ఉంది. జవాబు లేని ప్రశ్న నాయినకు దొరకడం లేదు. అది నాకు దొరికింది.

అంతకు ముందు ఏడు అమ్మవారు మా అరుగు మీద ఉన్నప్పుడు సోమమ్మత్త అవ్వ ఒడిలో తల పెట్టుకొని పడుకుంది. నేను నిద్రపోయాననుకొని సన్నగా ఏదేదో చెప్పింది. నాకు సగమే అర్థమైంది. ఆఖరున మాత్రం, "ఈ ఒక్కరోజు నీకు చెప్పుకుంట గదమ్మా, మళ్ల యేడు దాంక ఎల్లిపోతది" అంది. ఆ మాట ఎందుకో నాలో ఉండిపోయింది. ఒకనాడు కండె చుడుతుంటే అదే ప్రశ్నగా మారి నోటికొచ్చింది.

"నాయినా, గిట్లడుగు. 'మా పిల్లకు కష్టమైతె ఎవలికి చెప్పుకోవాలె? మీ ఇంట్ల అందరు మీవోళ్లే గద.'"

నాడె ఆగింది. నాయిన నావైపు చూశాడు. గుంతలోంచి పైకి వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

"ఎవలు చెప్పలే. నాకే తట్టింది."

"దీనికి జవాబు లేదు బిడ్డా." ఆయన మొహం వెలిగిపోయింది. "ఏం చెప్పాలన్నా, పుట్టింటికి పోయి చెప్పుకోనీ అనే అనాలె. అన్నరంటే మన షరతు ఒప్పుకున్నట్టే. ఓర్ని, ఇన్నేండ్లల్ల నాకెందుకు తట్టలేదు!"

నా రెండు చెంపలూ పట్టుకొని ఊపాడు. ఆ తరువాత గొంతు తగ్గించాడు. "ఇది ఆఖరికి దాచిపెడ్త. ఎవ్వలికి చెప్పకు. మీ అమ్మకు వద్దు, అవ్వకు వద్దు. పటేలు చెవుల పడ్డదంటే జవాబు తయారు జేసుకుంటడు. నాకు నీకే తెల్వాలె."

నేను లక్ష్మమ్మ మీద ఒట్టు పెట్టాను. దవడన బెల్లం ముక్క దాచుకున్నట్టు ఆ ప్రశ్నను దాచుకొని తిరిగాను. బావి దగ్గర, బళ్లో, అవ్వ పక్కలో, ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో! ప్రతిసారీ మింగేసి, నాలో నేనే నవ్వుకునేదాన్ని. అంత సంతోషంగా ఉన్న రోజులు మళ్లీ ఈమధ్య పెళ్లయ్యాకే చూస్తున్నాను.

జాతర దగ్గర పడ్డాక ఒక సాయంత్రం నాయిన, "రా బిడ్డా, గుట్ట కాడికి పోయొద్దాం" అన్నాడు. గుట్ట కింద మెట్ల మొదట్లో కమిటీవాళ్లు కొత్తగా దుకాణాల గదులు కట్టారు. సిమెంటు ఇంకా ఆరలేదు. నేను ఒక్కో గదిలోకీ దూరి "ఓ" అని అరిచి, గోడలు తిరిగి "ఓ" అంటుంటే విన్నాను. అన్నిటికంటే మూల గది బాగా అరిచింది. నాయిన ఆ గది గడపలో నిలబడి అటూ ఇటూ చూశాడు.

"రెండు దిక్కుల షట్టరున్నది దీనికి" అన్నాడు. "ఎక్కెటోళ్లకు కనబడ్తది, దిగెటోళ్లకు కనబడ్తది."

అంతలో బుచ్చయ్య పటేలు బండి మీద వచ్చాడు. సంచిలోంచి బత్తాయి తీసి నాకిచ్చాడు. ఆయన ఎప్పుడు కనిపించినా బత్తాయి ఇచ్చేవాడు. నాకు ఆయనంటే ఇష్టం.

"ఏమే ఉషా, ఈసారి మీ నాయిన నన్ను ఏం అడుగుతడు? జర చెప్పరాదు, ఇంకో బత్తాయిస్త."

"చెప్ప తాతా! తోట మొత్తం రాసిచ్చినా చెప్ప."

"అబ్బో! రాజం, నీకంటె నీ బిడ్డ గట్టిదిరా!"

పటేలు పొట్ట ఊగేలా నవ్వాడు. నేను నవ్వాను. నాయిన కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. తరువాత వాళ్లిద్దరూ ఏదో మాట్లాడుకుంటూ మూల గది వెనక్కి వెళ్లారు. నేను మెట్ల మీద కూర్చొని బత్తాయి తొక్కతో కళ్లద్దాలు చేసుకొని, ఆ పచ్చటి బొక్కల్లోంచి గుట్టను చూస్తూ కూర్చున్నాను.

ఎదుర్కోలు నాడు సాయంత్రం వాడంతా కదిలింది. అవ్వ నాకు కొత్త లంగా కట్టి, జడ బిగించి, హారతి పళ్లెం చేతికిచ్చింది. నాయిన తెల్లచొక్కా వేసుకున్నాడు. మెట్ల పొడుగునా దీపాల తోరణాలు, కింద జనరేటరు మోత, పేలాలు వేయిస్తున్న వాసన. మెట్టు మెట్టుకూ నాకు ఒకటే ఆలోచన: ఇంకాసేపట్లో నా ప్రశ్న మైకులో వినిపిస్తుంది. నాదని ఎవరికీ తెలియదు. నాయినకు తెలుసు, చాలు.

పల్లకీలు దించారు. మాటలు మొదలయ్యాయి. గోర్ల ప్రశ్నకు జనం విరగబడ్డారు. పటేలు ఊరుకోలేదు.

"మీ పిల్ల ఒక్కకాడ నిలువది అంటరు గద. ఇయ్యాల ఈ ఇంట్ల, రేపు ఆ ఇంట్ల అని?"

"నిలవాల్నంటె ముందు కూసోవెట్టేటోళ్లు ఉండాలె గద పటేలా. కుర్చి మీదున్నది మీరు, నిలవడ్డది మా పిల్ల."

మా వాడవాళ్లు ఈలలు వేశారు. పటేలు నిజంగానే కుర్చీలోంచి లేచాడు. మళ్లీ ఈలలు. నాయిన ఆ రోజు ఎంత బాగా మాట్లాడాడో! ఒక్కో మాటకు ముందు నా వైపు చూసేవాడు. నేను ఇంకా అది కాదు, ఇంకా అది కాదు అన్నట్టు తల ఊపేదాన్ని. మెల్లగా జనం సద్దుమణిగారు. ఆఖరి ప్రశ్న వేళ అయింది. నాయిన మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు. నా వైపు చూడలేదు.

నాయిన నోరు తెరవకముందే పటేలు చెయ్యెత్తాడు.

"ఆగు రాజం, ఆగు. నువ్వు అడిగేది నేనే చెప్త. 'మా పిల్లకు కష్టమైతె ఎవలికి చెప్పుకోవాలె, మీ ఇంట్ల అందరు మీవోళ్లే గద', గంతేనా?" జనం వైపు తిరిగాడు. "దేవుని ఇంట్ల కష్టమేంది? లోకమంత వచ్చి ఆమెకు కష్టాలు చెప్పుకుంటుంటే, ఆమె దిగిపోయి ఇంకొకలికి చెప్పుకునుడేంది? అడుగుండ్రి మీరే!"

ఆ వెంటనే చప్పట్లు. మంచి జవాబే అది. మా వాడవాళ్లు కూడా కొందరు చప్పట్లు కొట్టారు, వాళ్లకు ఆ ప్రశ్న సంగతి తెలియదు కదా. నేను పళ్లెం పట్టుకొని నాయిన మొహం చూశాను. నాయిన మైకు వైరు చూస్తున్నాడు. వైరు ఎక్కడో మెలిపడినట్టు, దాన్ని సాపు చేయాలన్నట్టు.

"పటేలు ముందే జవాబు చెప్పిండు" అన్నాడు చివరికి. "ఇగ అడుగుడు ఏమున్నది? మా బిడ్డ మీ ఇంటి మనిషైంది. మీ ఇష్టం."

అవ్వ మండపం కింది మెట్టు మీద కూర్చొని ఉంది. "రాజం!" అని ఒక్కసారి పిలిచింది. మేళం అందుకున్నాక ఎవరికీ వినబడలేదు.

దిగేటప్పుడు నాయిన నా చెయ్యి పట్టుకున్నాడు. కొంత దూరం దిగాక అడిగాను.

"నాయినా, పటేల్ తాతకు ఎట్ల తెల్సింది?"

"పెద్దమనిషి బిడ్డా. మస్తు తెలివి. ఊహించిండు."

"ఒక్క మాట పొల్లుపోకుండనా?"

నాయిన పేలాల బండి దగ్గర ఆగి, "ఏం గావాలె?" అన్నాడు. నేను ఏమీ అడగకముందే చక్కెర చిలకలు కొన్నాడు. గాలికి తిరిగే రంగుల చక్రం కొన్నాడు. ఏటా ఏడ్చి అడిగినా కొనని ఊదే బూరను కూడా కొన్నాడు. చేతులు పట్టక చక్రాన్ని జడలో గుచ్చుకున్నాను. మెట్లు అయిపోయిన చోట ఆగి, ఏదో శుభవార్త దాచలేకపోతున్నవాడిలా అన్నాడు.

"ఆ మూల గది చూసినం గద. మనకే ఇస్తుండ్రు. కొబ్బరికాయల దుకాణం పెట్టుకుంటం. మీ అమ్మ ఇగ గుంతల దిగే పని లేదు. పటేలే చెప్పిండు."

"ఎప్పుడు చెప్పిండు?"

"మొన్ననే" అన్నాడు నాయిన. అని, బూర నా చేతిలోంచి తీసుకొని తానే ఊదాడు.

నా వెనక చక్రం తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అది మంచి చక్రం. కొంచెం గాలికే తిరిగేది.

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. గది మాట అమ్మకు నాయినే చెప్పాడు. అమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని విని, "మంచిదే" అంది. ఆ తరువాత అవ్వ ముందుకు రాకుండా తిరిగింది. అవ్వ మాత్రం ఏమీ జరగనట్టు ఒడిబియ్యం ఏర్పాటు చేసింది. వాడలో ఇంటింటి నుంచీ దోసెడు దోసెడు బియ్యం తెచ్చి, రాళ్లేరి, పసుపు కలిపి, గంపలో పోసి పెట్టింది. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, తమలపాకులు తెచ్చింది.

"అమ్మవారు రాదంటుండ్రు గదవ్వా" అన్నాను.

"కడుపున పుట్టిన పిల్లే. రావాల్ననుకుంటే వాళ్లను అడుగుతదా?" అంది.

మూడో రోజు మధ్యాహ్నం సోమమ్మత్త వచ్చింది. చేతిసంచిలో నాకు గాజులు తెచ్చింది, మొక్కజొన్న పేలాలు తెచ్చింది. వస్తూనే అరుగు అలికింది. రోజూ తానే అలికే అరుగు అన్నట్టు. అవ్వ అప్పటికీ ఆమెకు ఏమీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అత్త అలుకుతూ పాడుతోంది. అంత చక్కగా పాడేది ఆమె.

సాయంత్రం పెద్దరోడ్డు మీద మేళం వినిపించింది. నేను, అత్త వాడ మొగదాకా పరుగెత్తాం. కొత్త రథం వెలిగిపోతూ వస్తోంది. ఎంత బాగుందో! ఎరుపు, పచ్చ, నీలం దీపాలు వెంట వెంటనే మారుతున్నాయి. లోపల లక్ష్మమ్మ చాలా చిన్నగా కనిపించింది. రథం ముందు కమిటీవాళ్లతో పాటు భుజాన కొత్త కండువాతో నాయిన నడుస్తున్నాడు. మమ్మల్ని చూసి, చెయ్యి ఊపాడు.

"ఉషా, రా! కొబ్బరికాయ కొడుదువు, రా బిడ్డా!"

నేను కదల్లేదు. "ఇంటికి వస్తె కొడ్త నాయినా" అన్నాను. రథం చప్పుడులో వినపడిందో లేదో తెలియదు. ట్రాక్టరు ఆగలేదు. దీపాలు మా మీదుగా ఎర్రగా, పచ్చగా పోయాయి. అత్త రథం పోయిన వైపే చూస్తూ, "ఇటు తిరగదా?" అంది.

"తిరగది" అన్నాను.

మేము ఇంటికి వచ్చేసరికి అత్త ఫోను మోగుతోంది. హాలియా నుంచి మామ. అత్త పక్కకు తిరిగి మాట్లాడింది గాని, ఆయన గొంతు నాకు కూడా వినిపించింది.

"అమ్మవారే పుట్టింటికి పోలేదట గద ఈసారి. జాతరకొచ్చిన మా ఊరోళ్లు ఫోన్ల చెప్పిండ్రు. ఆమెకు లేంది నీకెందుకు? ఆఖరి బస్సు ఉన్నది, ఎక్కు."

అత్త ఫోను పెట్టేసింది. ఇంకా విప్పని బట్టల సంచి భుజాన వేసుకుంది. అవ్వ గబగబా గంప ముందుకు లాగి, "కూసో. కూసోవే. నీకన్న పోస్త ఒడి" అంది.

"ఆమెకని కలిపినయి నాకెట్ల పోస్తవమ్మా?" అంది అత్త. అవ్వ చెయ్యి పట్టుకొని, ఏదో చెప్పబోయి, నన్ను చూసి ఆగింది. "మంచిగనే ఉన్న. నువ్వు ఫికరు జేయకు" అంది. నా తల నిమిరి వెళ్లిపోయింది. ఆమె అలికిన అరుగు ఇంకా తడి ఆరలేదు. అవ్వ దాని పక్కనే నేల మీద కూలబడి చాలాసేపు కూర్చుంది. తరువాత లేచి, గంపలోంచి బియ్యం తీసి కడిగి, పొయ్యి మీద పెట్టింది.

నాయిన వచ్చేసరికి అన్నం ఉడికింది. కాళ్లు కడుక్కొని, కండువా దండెం మీద జాగ్రత్తగా వేసి, పీట మీద కూర్చున్నాడు. మొహాన కుంకుమ, చెమట. అలసిపోయినా సంతోషంగా ఉన్నాడు. రథం గురించి చెప్తున్నాడు. రామన్నపేట నుంచి కూడా జనం వచ్చారట. అమ్మ గిన్నె అందుకోబోతే నేను తీసుకున్నాను. కంచంలో పెట్టాను.

నాయిన మాట ఆగింది. అన్నం పసుపుపచ్చగా ఉంది.

"ఇయి..." అన్నాడు.

"కలిపిన బియ్యం ఉంచొద్దు" అంది అవ్వ, అటువైపు తిరిగే.

నాయిన కలుపుకున్నాడు. ఒక ముద్ద తిన్నాడు. "సోమమ్మ ఏది?"

"పాయె" అంది అమ్మ. "అమ్మవారే రానప్పుడు నువ్వెందుకని, వాళ్లాయన బస్సెక్కి రమ్మన్నడట."

పక్కింట్లో ఎవరో మగ్గం మొదలుపెట్టారు. నాయిన మా వైపు ఒక్కొక్కరినీ చూశాడు. అవ్వ వీపు చూశాడు, అమ్మను చూశాడు, చివరికి నన్ను చూశాడు. ఆ తరువాత గొంతు లావు చేసి, రాట్నం దగ్గర నేను పటేలు వేషంలో మాట్లాడే గొంతుతో అన్నాడు.

"ఏం మరి? పిల్ల దిక్కోళ్లు అలిగిండ్రా?"

ఆ గొంతు వింటే నాకు ఎప్పుడూ నవ్వొచ్చేది. నేను గరిటె నిండా అన్నం తీసుకున్నాను. పెళ్లిళ్లలో పంక్తి వడ్డించేటప్పుడు మావాళ్లు ఎలా వంగుతారో అలాగే, నడుము వంచి, ఎడమ చెయ్యి కుడి మోచేతి కింద పెట్టి అడిగాను.

"పిలగాని దిక్కోళ్లు మొహమాట పడకుండ్రి. మీకు ఇంకింత పెట్టుమంటరా?"

మా ఇంట్లో నాయినను ఎవరూ మీరు అనరు.

నాయిన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. పెట్టమనలేదు. వద్దని కూడా అనలేదు.

నేను పెట్టాను.